మట్టి వేళ్ల ముద్రలు పడ్డ పుస్తకాలు

మిరప, పత్తి పండే నేలలో డాబాల మీద కూరగాయలు పెంచేవాళ్లు విత్తనాలే కాదు, పుస్తకాలూ ఇచ్చిపుచ్చుకుంటున్నారు. ఎక్కడో జపాన్‌లో పుట్టిన పుస్తకం, హైదరాబాద్‌లో అచ్చయిన పుస్తకం గుంటూరు ఎండకు తట్టుకోవాలంటే ముందు నాలుగు చేతులు మారాలి మరి!

కొత్త పుస్తకానికి ఓ వాసన ఉంటుంది. తోట పుస్తకానికి ఆ వాసన నెల రోజులు కూడా నిలవదు. వేపపిండి కలిపిన చేత్తోనే పేజీ తిప్పుతారు. కుండీ అంచున పెట్టి నీళ్లు పోస్తారు. బీరపాదుకు పురుగు కనిపించగానే పరుగున కిందికెళ్లి పుస్తకం తెచ్చి, పురుగునీ బొమ్మనీ పక్కపక్కన పెట్టి చూస్తారు. అలా ఏడాది తిరిగేసరికి అట్ట ఊడుతుంది, మధ్య పేజీల్లో ఎర్రమట్టి చేరుతుంది. ఇక ఆ పుస్తకాన్ని నమ్మొచ్చన్నమాట! షోకేసులో తళతళలాడే పుస్తకాన్ని అడిగి పట్టుకెళ్లేవాళ్లు తక్కువ. మట్టి వేళ్ల ముద్రలున్నదాన్ని మాత్రం ‘ఒక్క వారం ఇవ్వండి’ అంటూ తీసుకెళ్తారు. ఆ వారం ఆరు నెలలవడం వేరే సంగతి.

గుంటూరు బ్రాడీపేటలోనో, చిలకలూరిపేటలోనో, ఒంగోలులోనో సాయంత్రం ఓ డాబా ఎక్కి చూడండి. సిమెంటు తొట్లలో వంగ, పాత పెయింటు డబ్బాల్లో టమాటా, పిట్టగోడ వెంట గోంగూర, పందిరికి సొరకాయ... కింద ఇంట్లోవాళ్లు ఏ పల్లె నుంచో పిల్లల చదువుల కోసం పట్నం వచ్చినవాళ్లే అయ్యుంటారు. సొంతూళ్లో పదెకరాల మిరప సాగు చేసిన ఇంటివాళ్లకు కూడా కుండీలో టమాటా పెంచడం కొత్త విద్యే. ఆ కొత్త విద్య దగ్గరే పుస్తకం అవసరం పడుతోంది.

అమ్మే చేను... తినే మడి

ఈ నల్లరేగడి నేలలో సలహాలకు ఎప్పుడూ కొదవ లేదు. కొదవల్లా సలహా ఎవరిదన్నదే. గుంటూరు పక్కనే లాంలో పరిశోధన క్షేత్రం 1922లో మొదలైంది. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. ఇన్నేళ్లుగా శాస్త్రవేత్తలు ఇంత దగ్గర్లో ఉన్నా, తెగులు సోకిన మిరపకొమ్మ విరుచుకుని రైతు మొదట వెళ్లేది మాత్రం పురుగుమందుల కొట్టుకే. అక్కడ మందుతో పాటు సలహా ఉచితం, రెండూ అరువు మీదే! పంట అమ్మాక లెక్క చూసుకోవచ్చు. ఆ అరువులో పడ్డాక ఇంకో కొట్టుకు వెళ్లి ఇంకో మాట అడిగే వీలుండదు.

దాని ఫలితం ఈ ప్రాంతం చూసింది. పత్తి మీద మందు మీద మందు కొట్టగా కొట్టగా పురుగులు వాటికి లొంగడం మానేశాయి. తెల్లదోమ విరుచుకుపడి పత్తి తుడిచిపెట్టుకుపోయింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. అప్పుల పాలైన రైతుల చేతిలో మిగిలింది ఆ పురుగుమందు డబ్బానే. ఆ రోజులు చూసిన ఇళ్లలో ఇప్పటికీ ‘మందు’ అనే మాట పలికే తీరు వేరుగా ఉంటుంది.

ఆ తర్వాతా కథ ఆగలేదు. 2021లో మిరప పూలల్లోకి కొత్తరకం తామరపురుగు దూరింది. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగును మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. ఆరేళ్లలో అది గుంటూరు మిరపను చేరింది. 2021-22 పంటను చాలా ఊళ్లలో పూత దశలోనే పీల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా పువ్వు లోపల దాక్కున్న పురుగును అందుకోవడం కష్టమైంది.

అందుకే ఇక్కడి పల్లెల్లో చాలామంది ఎప్పట్నుంచో ఒక ఏర్పాటు చేసుకున్నారు. అమ్ముకునే చేను వేరు, ఇంట్లోకి తినే మడి వేరు. గట్టు మీద నాలుగు బెండ, రెండు దోసపాదులు పెట్టి వాటి జోలికి పంపు వెళ్లనివ్వరు. పట్నం డాబా మీద తోట ఆ గట్టు మడికి కొనసాగింపే. కాకపోతే గట్టు మీద అమ్మమ్మ ఉండేది, ఏది ఎప్పుడు పెట్టాలో చెప్పేది. డాబా మీద అమ్మమ్మ లేదు. ఆ ఖాళీలోకే పుస్తకం వచ్చింది.

పడవెక్కి వచ్చిన గ్రంథాలయం

పుస్తకం చేతులు మారడం ఈ గడ్డకు కొత్తేం కాదు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పుట్టింది. ఒకప్పటి ప్రకాశం, ఇప్పటి బాపట్ల జిల్లాలోని ఈ గ్రంథాలయానికి 1929లో గాంధీజీ వచ్చారు. ఆయన చేతికర్రను అక్కడ నేటికీ భద్రంగా దాచుకున్నారు. పాత పత్రికల కోసం పరిశోధకులు దేశం నలుమూలల నుంచి వేటపాలెం రైలెక్కుతుంటారు.

అంతకన్నా ముచ్చటైన కథ పాతూరి నాగభూషణం గారిది. 1935లో ఆయన కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య పడవ సాగుతుంటే, కాలువగట్టు ఊళ్లవాళ్లు రేవుకొచ్చి పుస్తకాలు తీసుకునేవారు. చదివినవి మళ్లీ పడవకే ఇచ్చేవారు. నిడుబ్రోలులో ఆచార్య ఎన్‌.జి.రంగా రైతుల కోసం విద్యాలయం నడిపింది కూడా 1930ల్లోనే. ఆయన పేరు పెట్టుకున్న వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు లాంలోనే ప్రధాన కార్యాలయం ఉంది.

తర్వాతి తరానికి వ్యవసాయ పత్రికలొచ్చాయి. 1969లో రామోజీరావు ‘అన్నదాత’ మాసపత్రిక మొదలుపెట్టారు. వ్యవసాయశాఖ తరఫున ‘పాడిపంటలు’ వచ్చేది. ఊరికి రెండు మూడు ప్రతులొస్తే చాలు... చదవొచ్చినవాడు అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు, మిగతావాళ్లు చుట్టలు కాలుస్తూ వినేవాళ్లు. ‘అదెక్కడి మాట, మన రేగట్లో అది కుదరదు’ అని ఓ పెద్దాయన కొట్టిపారేసేవాడు. ‘పోయినేడు పక్కూళ్లో వేశారు బాబాయ్‌, పండింది’ అని ఇంకొకరు అందుకునేవారు. చదివినదానికన్నా ఆ వాదనలోనే ఎక్కువ వ్యవసాయం తెలిసేది. ఇప్పుడు డాబా తోటల వాళ్లు చేస్తున్నదీ సరిగ్గా అదే.

షికోకు నుంచి కొర్నెపాడు దాకా

చేతులు మారే పుస్తకాల్లో అన్నిటికన్నా పాత కాపు ‘గడ్డిపరకతో విప్లవం’. జపాన్‌ రైతు మసనోబు ఫుకువోకా రాసింది. ఈయన మొక్కల తెగుళ్ల శాస్త్రం చదివి, యొకొహామాలో కస్టమ్స్‌ ఉద్యోగం చేస్తూ, పాతికేళ్ల వయసులో దాన్ని వదిలేసి సొంతూరికి వెళ్లిపోయారు. దున్నకుండా, ఎరువులు వేయకుండా, మందులు కొట్టకుండా వరి, బార్లీ పండించారు. నారింజ తోటలో చెట్ల కింద కూరగాయ విత్తనాలు చల్లేసి వదిలేసేవారు. జపనీస్‌లో 1975లో, ఇంగ్లిష్‌లో 1978లో వచ్చిన ఈ పుస్తకాన్ని సంగమిత్ర మాలిక్‌ తెలుగు చేయగా హైదరాబాద్‌ బుక్‌ ట్రస్ట్‌ అచ్చేసింది. ఫుకువోకాకు 1988లో మెగసెసె పురస్కారం దక్కింది. 2008లో 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ పుస్తకం చదివి ఎవరూ వెంటనే వంకాయలు పండించలేరు. కొలతలుండవు, పట్టికలుండవు. కానీ ‘ఏం చేయాలి?’ అని కొట్టు ముందు నిలబడే అలవాటున్న మనిషిని ‘ఏం చేయకుండా ఉండొచ్చు?’ అని ఆలోచింపజేస్తుంది. పత్తి నేలలో ఆ ప్రశ్నకున్న విలువ ఇంకెక్కడా ఉండదేమో.

కొలతలు కావాలనుకునేవాళ్లకు వేరే పుస్తకాలున్నాయి. సింగరేణి బొగ్గుగని కార్మికుల జీవితాన్ని కథలుగా మలిచిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్‌ శివారు నారపల్లిలో తన ఇంటి మీద తోట పెంచి, ఆ అనుభవాన్ని ‘మిద్దెతోట’ పేరుతో పుస్తకం చేశారు. కథకుడు రాశాడు కాబట్టి చదివించే గుణం ఉంది. సొంతింటి మీద చేసి చూసి రాసింది కాబట్టి నమ్మకమూ ఉంది. అన్నట్టు గుంటూరులో ఎవరూ ‘మిద్దె’ అనరు, డాబా అనో మేడ అనో అంటారు. అయినా ఆ పుస్తకం ధర్మమా అని ఇప్పుడు ఇక్కడి డాబాల మీద కూడా ‘మిద్దెతోటలే’ మొలుస్తున్నాయి!

ఇక ఇంటి గుమ్మం ముందే ఉన్నది కొర్నెపాడు. గుంటూరు జిల్లాలోని ఈ ఊరివాడైన యడ్లపల్లి వెంకటేశ్వరరావు 2005లో ‘రైతునేస్తం’ మాసపత్రిక ప్రారంభించారు. సేంద్రియ సాగు, ఇంటిపంటల మీద పుస్తకాలూ తెచ్చారు. సొంతూళ్లో శిక్షణ కేంద్రం పెట్టి ఆదివారాలు తరగతులు నడిపించారు. 2019లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తరగతులకు వెళ్లినవాళ్లు పాఠం విని ఊరుకోరు కదా... చేతి సంచుల్లో చిక్కుడు గింజలు, పాత పత్రికలు పట్టుకొస్తారు. భోజనాల దగ్గర అవి చేతులు మారతాయి.

పాతకాలపు శాస్త్రం మీద మోజున్నవాళ్లు ‘వృక్షాయుర్వేదం’ ఉందా అని అడుగుతారు. సుమారు వెయ్యేళ్ల కిందట సురపాలుడు రాసిన ఈ సంస్కృత గ్రంథం రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌ గ్రంథాలయంలో ఉంటే, సికింద్రాబాద్‌లోని ఏషియన్‌ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్‌ దాని నకలు తెప్పించి 1996లో ఇంగ్లిష్‌ అనువాదంతో ప్రచురించింది. అందులోని కుణపజలం తయారీ మాంసం, ఎముకల మజ్జతో మొదలవుతుంది. అపార్ట్‌మెంట్లలో ఆ ప్రయోగం చేస్తే పక్క ఫ్లాటువాళ్లతో మాటలుండవు. కాబట్టి దాన్ని చదువుకుని ఆనందించడమే మేలు.

వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా వేసే ‘వ్యవసాయ పంచాంగం’ మాత్రం అందరూ చిన్నచూపు చూసే మంచి పుస్తకం. అది ఎకరాల రైతు కోసం రాసింది. తొట్టి రైతుకు పనికిరాదనుకుంటారు. కాస్త లెక్క వేసుకుంటే సరి! ఎకరమంటే 4047 చదరపు మీటర్లు. ఎకరాకు 10 టన్నుల పశువుల ఎరువంటే చదరపు మీటరు మడికి దాదాపు రెండున్నర కిలోలు. 200 కిలోల వేపపిండి అంటే 50 గ్రాములు, అంటే ఓ గుప్పెడు. వేపగింజల కషాయం 5 శాతం అన్నారంటే లీటరు నీటికి 50 గ్రాముల పొడి. ఈ లెక్క ఒకసారి అట్ట లోపల రాసిపెడితే, ఆ పుస్తకం ఎవరి చేతికెళ్లినా మళ్లీ వేయక్కర్లేదు.

పెన్సిల్‌ రాతల్లోనే అసలు విద్య

అలా రాసిపెట్టడంలోనే ఈ ఇచ్చిపుచ్చుకోవడాల అసలు లాభం ఉంది. ఎందుకంటే పుస్తకం ఒక ఊళ్లో పుడుతుంది, మొక్క ఇంకో ఊళ్లో బతకాలి.

ఫుకువోకా నేల మీద గడ్డి పరచమంటారు. ఆయన ఊరున్న షికోకు దీవిలో వానలు సమృద్ధి. మన రెంటచింతలకు ఎండల్లో రాష్ట్రమంతా పేరు. ఇక్కడ ఎండిన నేల మీద మందంగా గడ్డి పరిస్తే ముందు చెదపురుగు విందుకొస్తుంది. గడ్డి వద్దని కాదు... పలుచగా పరవాలి, అప్పుడప్పుడూ కదిలించి చూస్తుండాలి. పుస్తకంలో లేని ఈ మాట ఎవరో మార్జిన్‌లో రాస్తారు. తర్వాత చదివేవారికి ఒక మడి మిగులుతుంది.

మట్టి సంగతీ అంతే. ‘మీ తోట మట్టి తీసుకోండి’ అని చాలా పుస్తకాలు తేలిగ్గా చెప్పేస్తాయి. ఇక్కడ తోట మట్టి అంటే నల్లరేగడి! తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఎండితే బీటలిచ్చి వేళ్లను తెంపుతుంది. పొలంలో పత్తికి బంగారమైన ఆ మట్టి కుండీలో నీరు దిగనివ్వక మొక్కను కుళ్లబెడుతుంది. పైగా తడి రేగడి బరువుకు స్లాబు మీద బెంగ. అందుకే చాలామంది ఎర్రమట్టి తోలించుకుని, బాగా మాగిన పశువుల ఎరువు కలుపుతారు. రేగడి తప్పదనుకుంటే ఇసుక, ఎరువు ఎక్కువగా కలిపి పలుచన చేయాలి. పిల్లల ఆట మట్టిలా చేతిలో ఉండ కట్టి వదిలితే పొడిపొడిగా విడిపోవాలన్నది అనుభవజ్ఞుల కొలత.

మిరప మాటకొస్తే గుంటూరు వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఇంటిపంటల పుస్తకాల్లో ‘ఆకు ముడత’ అని ఒక్క ముక్కలో తేల్చేసే తెగులుకు ఇక్కడ పేర్లే వేరు. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే పై ముడత, తామరపురుగు పని. కిందికి వంగి బోర్లించిన పడవలా అయితే కింది ముడత, తెల్లనల్లి పని. తామరపురుగు కీటకం, నల్లి సాలెపురుగుల కుటుంబంది. ఒకదానికి పనిచేసింది రెండోదానికి పనిచేయకపోవచ్చు. మొక్క మొత్తం గిడసబారి ఆకులు గుత్తిలా ముడుచుకుంటే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్‌ అయ్యుండొచ్చు. దానికి కషాయమూ లేదు మందూ లేదు, పీకి దూరంగా పారేయడమే. మిరప చేలల్లో తిరిగి వచ్చిన ఓ బాబాయి గారు ఈ మూడు బొమ్మలూ పుస్తకంలో ఒక మూల గీసిస్తే, ఆ పేజీ పుస్తకం ఖరీదుకు మించిపోతుంది. రంగు జిగురు అట్టల విషయంలోనూ చిన్న మెలిక ఉంది. పసుపు అట్ట తెల్లదోమను పిలుస్తుంది, నీలం అట్ట తామరపురుగును.

భాష కూడా ఒక్కోసారి చిక్కే. తెలంగాణ రచయిత ‘పుంటికూర’ అంటే ఇక్కడి పాఠకులు అదేం కూరో కొత్తదనుకుంటారు. పక్కనే ‘మన గోంగూరే’ అని పెన్సిల్‌తో రాసి ఉంటుంది. గోంగూరకు పుస్తకమేంటి అని గుంటూరు వాళ్లు నవ్వుకుంటారు కూడా. ఇంగ్లిష్‌ పుస్తకాలతో ఇంకో తంటా. ‘వసంతంలో విత్తండి’ అంటాయి. ఆ మాట నమ్మి మార్చిలో టమాటా నారు పోస్తే, పూత వచ్చే వేళకు రోహిణి కార్తె ఎండ దాన్ని రాల్చేస్తుంది. అలాంటి పుస్తకాల్లో నెలల పేర్లు కొట్టేసి కార్తెల పేర్లు రాసుకున్నవాళ్లున్నారు. అంతకు మించిన అనువాదం ఏముంటుంది!

తిరిగొచ్చేటప్పుడు ఉత్త చేతుల్తో రాకూడదు

ఈ లావాదేవీలకు రాయని రూల్స్‌ కొన్ని ఉన్నాయి. పుస్తకం తీసుకెళ్లినవారు తిరిగిచ్చేటప్పుడు లోపల ఓ చిన్న పొట్లం పెట్టివ్వడం మర్యాద. నాలుగు నాటు బెండ గింజలో, పచ్చ దోస గింజలో. పొట్లం మీద విత్తనం పేరు, తీసిన నెల రాయాలి. రాయకపోతే మొలిచాకే తెలుస్తుంది అది ఏమిటో. సంకర రకం కాయల్లోంచి తీసిన గింజలైతే ముందే చెప్పాలి, ఎందుకంటే వాటి పిల్లలు తల్లిలా ఉండవు. రాతలు పెన్సిల్‌తోనే. ఇంకుతో రాస్తే తడి చేతికి అలుక్కుపోయి అచ్చు కూడా కనపడదు.

ఫోన్లు వచ్చాక సగం పని వాట్సాప్‌లో అయిపోతోంది. ‘పిన్నిగారూ, ఆ చిక్కుడు పేజీ ఓసారి ఫొటో తీసి పెట్టండి’ అంటే నిమిషంలో వచ్చేస్తుంది. ఒక పేజీ ఫొటో వరకు ఫర్వాలేదు. కొందరు మొత్తం పుస్తకాన్నే జిరాక్స్‌ తీయించి స్పైరల్‌ బైండింగ్‌ చేయిస్తుంటారు. తెలుగులో తోట పుస్తకాలు వేసేవి చిన్న సంస్థలు. ఆ జిరాక్స్‌ ఖర్చుకు ఇంకొంచెం కలిపితే కొత్త పుస్తకమే వస్తుంది, రాసినవారికీ నాలుగు రూపాయలు ముడతాయి. చదివిన పుస్తకాన్ని పదిమందికి అరువివ్వడం వేరు, అచ్చేసినవారి పొట్ట కొట్టడం వేరు.

ఊళ్లో గ్రంథాలయం సంగతి చాలామంది మరిచిపోతారు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా ప్రతి ఇంటివారూ కడుతున్నారు. అంటే శాఖా గ్రంథాలయంలో వ్యవసాయం బీరువా తెరిపించి, కొత్త పుస్తకాలు తెప్పించమని అడిగే హక్కు మన చేతిలోనే ఉంది. అడిగినచోట కొనే పుస్తకాల జాబితాలో తోట పుస్తకం చేరుతుంది. అడగనిచోట పోటీ పరీక్షల గైడ్లే చేరతాయి.

అన్నిటికీ మించి, పుస్తకాల పండగ విజయవాడలో ఉండనే ఉంది. 1989లో మొదలైన ఆ పుస్తక మహోత్సవం మామూలుగా జనవరి మొదట్లో జరుగుతుంది. గుంటూరు నుంచి బస్సులోనో, ఒంగోలు నుంచి పొద్దుటి రైల్లోనో వెళ్లి తోట పుస్తకాలు వెతికేవారు ముందే మాట్లాడుకుని తలా ఒకటి కొంటారు. ఒకే పుస్తకం ఇద్దరు కొనడం ఎందుకని! అయితే ఓ ఇబ్బంది ఉంది. జనవరి అంటే చిక్కుడు, టమాటా కాపు మీదుండే కాలం. ఇంటికొచ్చి ఆ అధ్యాయాలు చదివేసరికి వాటి సీజన్‌ దాటిపోతుంది. అందుకని తెలిసినవాళ్లు పుస్తకాన్ని మధ్యలోంచి తెరుస్తారు. బీర, సొర, కాకర, దోస, బెండ... సంక్రాంతి వెళ్లగానే విత్తుకోవాల్సినవన్నీ అక్కడున్నాయి. టమాటా పేజీలో మాత్రం ఓ కాగితం ముక్క పెట్టి, కొత్త పుస్తకాన్ని ఆ నెలకు ఇంకొకరికి ఇచ్చేస్తారు.